ఇంకొక్క చిక్కు

“ఆ దువ్వెన ఇటివ్వు. అది నాది,” అంది అక్క.

“నీదెప్పుడయింది?” చెల్లెలు దువ్వెనను వీపు వెనక దాచుకుంది.

పోయిన అమ్మ బీరువా ఖాళీ చేయడానికి పొద్దున్నుంచీ కూర్చున్నారు ఇద్దరూ. దుప్పట్లు, గాజు గిన్నెలు తగవు లేకుండా పంచుకున్నారు. బంగారు గొలుసు దగ్గర కూడా నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అనుకున్నారు. తీరా అడుగు అరలోంచి వెడల్పు పళ్ళ చెక్క దువ్వెన బయటపడేసరికి ఇద్దరి గొంతులూ లేచాయి.

“నీ జుట్టుకి దువ్వెనెందుకక్కా? రబ్బరు బ్యాండు పెడితేనే జారిపోతుంది. చేత్తో సవరించుకుంటే చాలు. నా తల చూడు, పిట్టగూడు.”

“అందుకే అడుగుతున్నా. ఆదివారం వస్తే నీ ఉంగరాల జుట్టుకి అమ్మ గంటసేపు కూర్చునేది. నాకు రెండు నిమిషాలు. ‘నీకేముందే తల్లీ, అదే ఆరిపోతుంది’ అనేసేది. అమ్మ ఎలాగూ నీ వంతుకే వచ్చింది. దువ్వెనయినా నాకివ్వు.”

అక్క నవ్వుతూ అందామనుకున్న మాట, చివరికొచ్చేసరికి అరుపయింది. లైబ్రరీలో రోజంతా గుసగుసగా మాట్లాడే మనిషి, ఇంత మాట ఇంత గట్టిగా అనేసినందుకు తనే సిగ్గుపడింది.

చెల్లెలు దువ్వెనను వీపు వెనక నుంచి ముందుకు తీసింది. “సరే, పందెం. ఇప్పుడు నాకు తల రుద్ది, ఉంగరాలు దిద్దు. అచ్చం అమ్మ చేసినట్టే చెయ్యాలి. ఎక్కడ తప్పినా దువ్వెన నాది.”

అక్క కొంగు దోపింది. ముందు వంటింట్లోకి వెళ్ళి అవిసె గింజలు నీళ్ళలో వేసి సన్నటి సెగ మీద పెట్టింది. జిగురు తేలాక వడకట్టి ఉంగరాలకు రాయాలి. చెల్లెలు స్నానాలగదిలో పీట మీద కూర్చుంది. బేకరీలో వారమంతా టోపీ కింద కుక్కిన జుట్టు. నీళ్ళు పడగానే గదంతా బ్రెడ్డు వాసన వేసింది.

అక్క ఏదీ అడగలేదు. షాంపూ మాడుకి మాత్రమే పట్టించి వేళ్ళ కొసలతో రుద్దింది. కండిషనర్ దండిగా రాసి, తడి మీదే దువ్వెన అందుకుంది. పైనుంచి లాగలేదు. కొసల దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి వెళ్ళింది.

“ఎవరు నేర్పారు నీకు?”

“ఎవరు నేర్పుతారు. గడప మీద కూర్చుని చూసేదాన్నిగా.”

“పుస్తకం చదువుకుంటున్నావనుకున్నా.”

“పుస్తకం ఒళ్ళో ఉండేది. పేజీ తిప్పితే కదా.”

అక్కకు ఆ ఆదివారాలన్నీ కళ్ళ ముందు తిరిగాయి. వారమంతా గది తలుపు వేసుకుని పుస్తకాల్లో తల దూర్చేది తను. అమ్మ పలకరిస్తే ‘ఊఁ’ అనడమే గొప్ప. ఆదివారం నీళ్ళ చప్పుడు వినబడితే మాత్రం కాళ్ళు వాటంతటవే గడప దగ్గరికి లాక్కొచ్చేవి. అమ్మ స్టూలు మీద గడప వైపు మొహం పెట్టుకుని కూర్చునేది. దువ్వుతూ కబుర్లు చెప్పేది. పక్కింటి పిల్లి సంగతి, తన చిన్నప్పటి బడి సంగతి. ‘అయిపోయిందా అమ్మా’ అని చెల్లెలు గింజుకుంటే తొడపాశం పెట్టి, ‘కదలకు, ఇంకొక్క చిక్కుంది’ అనేది. ఆ ఇంకొక్క చిక్కు ఎప్పటికీ తీరేది కాదు. ఎంత బాగుండేవి ఆ కబుర్లు, ఎంత కుళ్ళుగా ఉండేది ఆ జుట్టును చూస్తే.

“నీకు తెలీదు గానీ,” అంది అక్క, “ఓసారి తడి తలకి బోలెడు సన్న జడలు వేసుకుని పడుకున్నా. పొద్దున విప్పితే ఉంగరాలొచ్చాయి. అమ్మ దువ్వెన తెచ్చేలోపే సాపయిపోయాయి. ఎంత ఏడ్చానో. నాకూ చిక్కులుంటే అమ్మ నాకూ కాస్త దొరికేది కదా అని.”

అక్క దువ్వెనను నడినెత్తి నుంచి కొస దాకా లాగింది. ఎక్కడా పట్టుకోలేదు. ఇటు దువ్వింది, అటు దువ్వింది. వంటింట్లో అవిసె గింజలు ఇంకా ఉడకనేలేదు.

“అప్పుడే అయిపోయిందేంటి? అమ్మకి గంట పట్టేది,” అంది అయోమయంగా. “చిన్నప్పుడు ఇంకా ఒత్తుగా ఉండేదా?”

“ఇందులో సగం కూడా ఉండేది కాదు.”

అక్క మొహం వాడిపోయింది. ఎక్కడో ఏదో వదిలేసింది, అమ్మకు తెలిసిందేదో తనకు తెలియలేదు. గింజలు ఉడికేదాకా పొయ్యి దగ్గర నిలబడి, జిగురు వడకట్టి తెచ్చి రాసింది. ఒక్కో పాయనూ వేలికి చుట్టి వదిలింది. తువ్వాలుతో రుద్దకుండా, నాన్న పాత నూలు చొక్కాతో అరచేతిలో పట్టి నీళ్ళు పిండింది. ఉంగరాలు వరసగా నిలబడ్డాయి. అయినా ఆమె దువ్వెన కడిగి చెల్లెలి ఒళ్ళో పెట్టేసింది.

“ఓడిపోయాను. అమ్మలాగా నాకు రాలేదు.”

చెల్లెలు ఆ దువ్వెనను తీసి అక్క చేతిలోనే పెట్టి, వేళ్ళు మూసింది.

“నీకు చెప్పొద్దని అమ్మ నా దగ్గర మాట తీసుకుంది,” అంది. “నీకు చిక్కులు ఎంతసేపట్లో విడిపోయాయో, అమ్మకీ అంతసేపట్లోనే విడిపోయేవక్కా. దువ్వడం ఆపితే నువ్వు లేచి గదిలోకి వెళ్ళిపోతావని, ఉత్తినే దువ్వుతూ కూర్చునేది.”