అంతా చెప్పే లాగ్

"'ఏదో తప్పు జరిగింది' అని లాగ్‌లో రాస్తే నేనేం దేవులాడాలె అని తిట్టేవాడివిగా కుమార్? ఇప్పుడు చూడు!"

ఆస్పత్రి యాప్‌ తప్పులను నమోదు చేసే, తను కొత్తగా మార్చిన లాగ్‌ను మీటింగు గదిలో పెద్ద తెర మీద తెరిచాడు శ్యామ్. సర్వర్ అడ్మిన్ కుమార్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

నిన్నటి ఎర్రర్‌ను శ్యామ్ గర్వంగా పైకి చదివాడు. "సంతాన సాఫల్య విభాగం. మూడో గర్భస్రావం రిపోర్టు అప్‌లోడ్ కాలేదు. కారణం, ఫైలు పెద్దది. పేషెంటు, మద్దూరి ఉమా..."

చదవడం ఆపేశాడు. బల్లకు అవతల, అదే యాప్‌కు టెస్టింగ్ చేసే ఉమాశ్రీ తల దించుకుని ఉంది.

"జర బంద్ జెయ్ అన్నా," అన్నాడు కుమార్.

శ్యామ్ చేతికి మౌస్ దొరకలేదు.

"ఫైలు చిన్నది చేసి పంపాలన్నమాట," మెల్లగా అంది ఉమాశ్రీ. "నిన్నటి నుంచి ఎందుకెళ్లట్లేదో తెలియలేదండీ. థాంక్స్."