నా జీపు వెనకే రండి

"ఆ రాయి మీద పెట్టకండమ్మా."

టీచరమ్మ ఉలిక్కిపడి తల తిప్పింది. తుప్పు పట్టిన జీపుకి ఆనుకుని ఓ ముసలాయన. మాసిన గడ్డం, భుజాన తువ్వాలు.

"ఏం, మీ సొత్తా?" అంది, టీ ఫ్లాస్కు తియ్యకుండానే.

ఆయన భుజాన ఉన్న తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు.

మైలురాయంత రాయి. ఆమె కూర్చున్న వైపు నున్నగా ఉంది. కింద లోయలో, చూడాల్సిన రెండో సరస్సు పళ్లెంలో పోసిన నీళ్లలా కదలకుండా ఉంది.

ఇరవై ఆరేళ్లు పిల్లలకు చరిత్ర చెప్పింది. బోర్డు మీద కోటలు గీసింది గానీ, ఒక్క కోట గడపా తొక్కలేదు. రిటైరైన నెలకే కారు తీసింది. మూడు రోజులు, ఒక్కతే. పై సరస్సు అయింది. కొండ మీది కోటలో శాసనాలన్నీ వేలితో తడుముతూ అక్షరం అక్షరం చదవడమూ అయింది. ఇక ఈ కనుమ దిగితే చాలు.

"రెండో రోజుకే ఫోనొస్తుంది చూడు, వచ్చి తీసుకెళ్లరా అని," అని కొడుకు పందెం కాశాడు. కోడలు నవ్వింది. ఆ నవ్వు ఇంకా గుచ్చుతూనే ఉంది.

ఇవాళ మూడో రోజు.

అక్క మాత్రం ఒకటే చెప్పింది. "ఎవడైనా దారి చూపిస్తా, వెనకాలే రా అంటే పోకే."

"ఆంటీ, మీరూ ఒక్కరేనా?"

నీలం కారులోంచి దిగిన అమ్మాయి. ఇరవై రెండేళ్లుంటాయేమో.

"ఒక్కదాన్నే. నువ్వు?"

"నేనూ అంతే! డ్రైవింగ్ వచ్చి రెండు నెలలే. చెప్తే చంపేస్తారని ఇంట్లో చెప్పకుండా వచ్చేశా."

"నేను చెప్పే వచ్చాను. నవ్వారు."

ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు.

"కదలకండి, ఫోటో తీస్తా." ఎండ కళ్లలో పడుతోందని ఆ అమ్మాయి రోడ్డు అవతలికి పరిగెత్తి, అక్కణ్నుంచి తీసింది. నంబరు తీసుకుంది. "సిగ్నల్ దొరకగానే పంపిస్తా. నేనింకో గంట ఇక్కడే ఉంటా. కింద సరస్సు దగ్గర కలుద్దాం, టీ మీదే!"

టీచరమ్మ లేచింది. ఫ్లాస్కు తీసీ తియ్యగానే ముసలాయన వచ్చి తువ్వాలుతో రాయి తుడిచాడు. తర్వాత కారు పక్కన గొంతుక్కూచుని, జ్వరం చూసినట్టు, చేతి వెనకవైపుతో చక్రం తాకాడు.

"ఏయ్! ఏం చేస్తున్నావక్కడ?"

"కోట దిగి వచ్చారు గదమ్మా, బ్రేకులు కాలిపోతున్నాయి. కాసేపాగి నా జీపు వెనకే రండి. దాటకండి."

అక్క అన్న మాట అక్షరం పొల్లుపోలేదు.

"నీ వెనక నేనెందుకొస్తాను?"

"పధ్నాలుగు మలుపులమ్మా. ఒంటరిగా దిగొద్దు."

గబగబా కారెక్కింది. జీపు అంతకన్నా ముందే రోడ్డెక్కి నత్తలా కదిలింది. ఎంత హారన్ కొట్టినా దారివ్వలేదు. కనుమ మొదట్లోని చెక్‌పోస్టు గేటు కనబడగానే ఆమె కారు ఆపి తల బయట పెట్టింది.

"వీడు నన్ను వదలట్లేదండీ. వెనకే రమ్మంటున్నాడు. చక్రాల దగ్గర ఏదో చేశాడు."

గేటు గార్డు ఎగిరి లేచాడు. "పాత గార్డు సెలవు పెట్టాడు మేడం, నేను పొద్దున్నే వచ్చా. ఇలాంటివాళ్ల సంగతి నేను చూసుకుంటాగా!"

జీపు తాళం లాక్కున్నాడు.

ముసలాయన గొడవపడలేదు. "నన్ను కూర్చోబెట్టు బాబూ, పర్లేదు. వెనక నీలం కారులో ఓ అమ్మాయుంది, ఒక్కతే. ఆమె వచ్చేసరికి తాళమియ్యి, చాలు."

"విన్నారా మేడం? మీరు కాకపోతే ఇంకో పిల్లట!"

టీచరమ్మ గార్డు వైపు వంగింది.

"ఆ అమ్మాయి దాటి వెళ్లేదాకా ఇతన్ని వదలకండి," అని మరీ మరీ చెప్పింది.

"రెండో గేరులోనే దిగండమ్మా! బ్రేకు మీద కాలుంచెయ్యకండి!" వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడు.

మూడో మలుపులో కాలిన వాసన వచ్చింది. బ్రేకు మెత్తబడింది. ఇష్టం లేకపోయినా చెయ్యి రెండో గేరు వేసింది.

కింద సరస్సు దగ్గరికి చేరేసరికి జాకెట్టు తడిసి ముద్దయింది. అయినా గెలిచింది. కొడుక్కి ఫోను చెయ్యాలి.

టీ కొట్టావిడ గ్లాసు అందిస్తూ రోడ్డు వైపు చూసింది. "జీపు బాబాయి ఏడమ్మా? ఆయన ముందు లేకుండా దిగారా?"

"ఎవరాయన?"

"ఒంటరిగా వచ్చినవాళ్లని ఒక్కరినీ దిగనివ్వడు. తనే ముందు నడుస్తాడు, మెల్లగా. అందరూ తిడతారు. పన్నెండేళ్లలో ఒక్క పూట మానలేదు. ఎందుకు బాబాయ్ అంటే చెప్పడు."

టీచరమ్మ గ్లాసు కింద పెట్టేసింది.

"పై గేటు నంబరుందా మీ దగ్గర? తొందరగా ఇవ్వండి. తొందరగా!"

కొట్టావిడ గోడ మీది కాగితాల్లో వెతుకుతూండగానే, అంబులెన్సు కోసం కేకలేసుకుంటూ ఓ లారీ డ్రైవరు పైనుంచి వచ్చి బండి ఆపాడు.

"తొమ్మిదో మలుపు," అన్నాడు డ్రైవరు, దిగుతూనే. "నీలం కారు. బ్రేకు లైటు వెలుగుతూనే ఉంది. బండే ఆగలేదు. లోపల ఒక్కతే పిల్ల."

టీచరమ్మ చేతిలో ఫోను మోగింది. అప్పుడే సిగ్నల్ దొరికినట్టుంది.

"బయల్దేరా ఆంటీ. ఇదిగో మీ ఫోటో."

ఫోటోలో తను నవ్వుతోంది. వెనక తువ్వాలు పట్టుకుని, ఫ్లాస్కు ఎప్పుడు తీస్తుందా అని చూస్తూ ముసలాయన. ఫ్లాస్కు కింద, రాయికి తను చూడని వైపు, ఉలితో చెక్కిన వంకర అక్షరాలు.

కళ్లజోడు సవరించుకుని, వేలితో తడుముతూ, టీచరమ్మ అక్షరం అక్షరం చదివింది: "మా అమ్మాయి ఇక్కణ్నుంచి ఒక్కతే దిగింది. మీరు ఆగండి, నేను ముందు నడుస్తాను. ఇట్లు, నాన్న."