పోటు లేని సముద్రం

“పోటు లేని సముద్రమా? ఎవరికయ్యా చెప్తన్నావు?”

అప్పాయమ్మ అరిచిన అరుపుకి పెళ్ళికొడుకు లోకనాథ్ చేతిలో కాఫీ గ్లాసు తొణికింది. కాకినాడ ఏటిమొగ నుంచి తల్లి సత్యవాణిని వెంటబెట్టుకుని ఉప్పాడకి పెళ్ళిచూపులకు వచ్చాడతను. ఇటలీ రేవులన్నీ తిరిగే సరుకుల ఓడలో పని. పిల్ల లోవలక్ష్మి కాఫీ తెచ్చి ఇవ్వగానే మనసు పారేసుకున్నాడు. ఆ పిల్ల సిగ్గుపడి తలుపు చాటుకి వెళ్ళిందే గాని, చీర కొంగు మాత్రం ఇవతలే ఉండిపోయింది.

ఇంతవరకూ అంతా బాగానే నడిచింది. “ఇటలీ ఎలాగుంటదయ్యా?” అని మాట కదిపిందీ అప్పాయమ్మే. ఆ ఇంట్లో ఆవిడ మాటకి తిరుగులేదు. కొడుకు పెద్దిరాజు వేటకి పడవ దింపాలన్నా, మనవరాలు లోవలక్ష్మి పెళ్ళి కుదరాలన్నా ఆవిడ ఊఁ అనాలి.

అడిగిందే చాలని లోకనాథ్ కుడికాలు ముందుకి చాపాడు.

“ఒరేయ్, పెద్దోళ్ళ ముందు కాళ్ళు చాపుతావేంటి?” సత్యవాణి తొడ మీద గిల్లింది.

“దేశం ఇలాగే ఉంటదే అమ్మా, బూటేసుకున్న కాలు సముద్రంలో పెట్టినట్టు. చూడండి మామ్మగారూ, ఈ పిక్క వైపున్నది ఆడ్రియాటిక్ సముద్రం. అంతా ఇసకేనండి. చాలా దూరం నడిచినా మొలలోతు దాటదు. అరికాలి కింద అయోనియన్. నీలిమందు కలిపినట్టుంటదండి ఆ నీరు, లంగరు గొలుసు అడుగుదాకా కనపడతది. ముందు వైపు టిర్రేనియన్. అందులో ఒక దీవి ఉందండి, కొండ కొసని నిప్పులు కక్కుతుంటది. ఓడవాళ్ళకి అదే లైట్‌హౌస్. ఇక మోకాలి దగ్గర లిగూరియన్. అక్కడ కొండ తిన్నగా నీళ్ళలోకి దిగిపోతది. ఆ కొండకి పసుపువీ గులాబీవీ ఇళ్ళు పిచ్చుక గూళ్ళలా అతుక్కుని ఉంటాయి. ఒక్క దేశానికి ఇన్ని సముద్రాలండి, ఒక తీరంలా ఇంకోటి ఉండదు!”

“ఫొటోలు తెచ్చావా బాబూ?” అన్నాడు పెద్దిరాజు.

“రీలు కడగడానికి స్టూడియోలో ఇచ్చానండి.”

అప్పాయమ్మకి ఫొటోల గొడవ పట్టలేదు. “ఆ ఇళ్ళు నీళ్ళకి ఎంత దూరంలో ఉంటాయయ్యా?” అని మెల్లగా అడిగింది.

“దూరమేంటండి! గోడ కిందే నీళ్ళు. వందల ఏళ్ళ నాటి ఇళ్ళంట.”

ఉప్పాడ వాళ్ళకి నిప్పులు కక్కే కొండ కన్నా ఇదే పెద్ద వింత. అప్పాయమ్మ కాపురానికి వచ్చిన ఇల్లు ఇప్పుడు సముద్రంలో ఉంది. దాని వెనక కట్టుకున్నదీ పోయింది. ఇప్పుడు వీళ్ళంతా కూర్చున్నది మూడో ఇంట్లో, దీని పెరటి గోడ కూడా నిరుడు పోటుకి కూలింది.

“ఎంత మంచి సముద్రమో!” తలుపు చాటునుంచి లోవలక్ష్మి ఉండబట్టలేక అనేసింది.

ఆ మాటకి లోకనాథ్ పొంగిపోయాడు. పొంగినవాడు ఊరుకోవచ్చు కదా, ఇంకో మాట అన్నాడు. “అక్కడ పోటు కూడా లేదండి. నేపుల్స్ రేవులో పది రోజులున్నాం, నీళ్ళు మూరెడు కూడా లేవలేదు.”

అదిగో, అక్కడ వచ్చింది తంటా.

“నిప్పులు కక్కే కొండన్నావు, నమ్మాను. గోడకింద నీళ్ళన్నావు, అదీ నమ్మాను,” అప్పాయమ్మ వేలు చూపించి మరీ అడిగింది. “పున్నానికీ అమాసకీ పొంగకపోతే అది సముద్రమా, చేపల చెరువా? ఆ దేశంలో చందమామ పొడవడా?”

“పొడుస్తాడండి. పోటు మాత్రం రాదండి.”

“రెండిళ్ళు పోటుకి ఒప్పజెప్పినదాన్ని. నాకే పాఠాలు చెప్తన్నావా? అబద్ధాలకోరుకి నా మనవరాల్నివ్వను. ఆఖరిసారి అడుగుతున్నాను. ఉందా, లేదా?”

సత్యవాణి కొడుకు చెవిలో దూరిపోయింది. “ఉందని అనెయ్యరా. నీ సొమ్మేం పోయింది? పిల్ల బంగారంలా ఉంది.”

“కాస్తో కూస్తో ఉంటదిలే బాబూ. పనిలో పడి చూసుండవు,” పెద్దిరాజు కూడా సర్దబోయాడు.

లోకనాథ్ తలుపు వైపు చూశాడు. ఇప్పుడక్కడ కొంగు కాదు, లోవలక్ష్మే నిలబడి ఉంది. ‘అనెయ్యి’ అన్నట్టే ఉన్నాయి ఆ కళ్ళు కూడా. ఉంది అని ఒక్క మాట అంటే ఈ పిల్ల తనది.

“లేదండి మామ్మగారూ,” అన్నాడు చివరికి. “తిట్టండి, పడతాను. అంత చక్కని సముద్రాల్ని కళ్ళారా చూసొచ్చి, వాటి మీద లేనిది చెప్పలేనండి.”

సత్యవాణి నుదురు కొట్టుకుంది. లోవలక్ష్మి గభాలున లోపలికి వెళ్ళిపోయింది. లోకనాథ్ లేచి, ఎవరి మొహమూ చూడకుండా గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కున్నాడు.

“ఎక్కడికయ్యా? వచ్చి కూర్చో,” అంది అప్పాయమ్మ. కొడుకు వైపు తిరిగి, “ఒరేయ్ పెద్దిరాజూ, తమలపాకులు తెప్పించు. తాంబూలాలు ఇప్పుడే పుచ్చేసుకుందాం.”

పెద్దిరాజుకి ఏమీ పాలుపోలేదు. “అదేంటమ్మా? ఇప్పుడేగా అబద్ధాలకోరన్నావు?”

“పోయిన్నెల నువ్వు వేటకీ, పిల్ల సంతకీ వెళ్ళినప్పుడు ఇంకో ఇటలీ ఓడ కుర్రోడు సంబంధం అడగడానికి వచ్చాడ్రా. వాడూ ముందు పోటు లేదనే చెప్పాడు. నేను ఒక్క కసురు కసిరేసరికి, ఆ సముద్రానికి నిలువెత్తు పోటు తెప్పించేశాడు!”