కిటికీ ఎత్తు మట్టి

"ఇరవైకి పది స్థలం. అర అడుగు మందం పరిస్తే గడ్డి బ్రహ్మాండంగా పెరుగుతుందమ్మా. ఒక్క ట్రాక్టరు ఎర్రమట్టి చాలు," అన్నాడు తోటమేస్త్రీ టేపు చుట్టుకుంటూ.

"మూడడుగులు కావాలి," అంది ఇల్లాలు.

"మూడా! ఆరు ట్రాక్టర్లు పడతాయి. ఇంతకీ ఏం పెంచుతారు?"

"బంతిపూలు."

మేస్త్రీకి నవ్వాగలేదు. ఆవిడ మాత్రం నవ్వలేదు. లోపలికి తీసుకెళ్లి, కిటికీ పక్కన మంచం చూపించింది. నడుము పడిపోయి ఏడాదిగా మంచం దిగని ఆవిడ భర్త పలకరింపుగా తల ఊపాడు.

మేస్త్రీ మోకాళ్ల మీద కూర్చుని, తలను దిండు ఎత్తుకు వంచి కిటికీలోంచి బయటికి చూశాడు. ఆకాశం తప్ప ఇంకేమీ కనబడలేదు. లేచి, కాగితం మీద ఆరు వేశాడు.

"ఆ స్థలం పక్కన నడిచే దారి కూడా అంతే ఎత్తున వెయ్యి మేస్త్రీ," అన్నాడు భర్త.

"దారికి అంత మట్టి దండగ కదండీ?"

"నీళ్లు పోసేది మా ఆవిడే. పొట్టిది. కింద నిలబడితే నాకు కనబడదు."

"నేనేం పొట్టి కాదు," అంది ఆవిడ, గోడవైపు తిరిగి.

మేస్త్రీ ఆరు కొట్టేసి ఏడు వేశాడు.