ఎనిమిదో పేరు

"మా అయ్యగారికి పోటీగా ఎనిమిదో పేరు పెట్టమని నీకెవడు చెప్పాడ్రా?" అంటూ ఆ రౌడీ నా తలను టేబుల్‌కేసి మోదాడు.

పత్రికలో పేజీలు పెట్టే పని నాది. అధ్యక్ష ఎన్నికలకింకా రెండేళ్లుంది. అయినా ఎవరెవరు నిలబడొచ్చో ఊహించి, విలేకరి ఏడు పేర్లు రాసిచ్చాడు.

"ఎవరూ చెప్పలేదన్నా! కాలమ్ అడుగున ఒక్క లైను ఖాళీ మిగిలింది. మా లెక్కల మాస్టారి పేరు అందులో సరిగ్గా పట్టింది, పెట్టేశాను."

"ఒట్టు?"

"మా అమ్మ మీదొట్టు."

నా జుట్టు వదిలేశాడు. గుమ్మంలో కాపలా ఉన్న తమ్ముడి వైపు తిరిగాడు.

"ఒరేయ్, ఆ మాస్టారు నిజమే చెప్పాడ్రా. చివరిదాకా 'నాకేం తెలీదు నాయనా' అంటూనే ఉన్నాడు."

అప్పుడు చూశాను. అతని చొక్కా మీది రక్తం నాది కాదు. ఎప్పుడో ఎండిపోయింది.