వాటాదారు వంతు

"ఆగు ఆగు! గా కంపెనీల ఏం మిగల్లే!" అని సుమిత్రమ్మ అరిచేసరికి ఒళ్లో పసిది ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది.

గొర్రెలన్నీ అమ్మగా వచ్చిన డబ్బు మూటను అందించబోయిన ఆమె భర్త ఈరయ్య ఆగిపోయాడు. తాండూరు నాపరాళ్ల కంపెనీలో వాటా కొనమని వచ్చింది పరాయివాడు కాదు, అక్కడ గుమాస్తాగా పనిచేసే ఆమె అన్న మల్లప్పే.

"ఎట్ల చెప్తున్నవ్ చెల్లె?"

"నువ్వు తెచ్చిన గీ కంపెనీ లెక్కల కాగితం సూడు. చదువుడు నువ్వే నేర్పితివి గద. గీ దిక్కు ఎంతుందో గా దిక్కు గంతే ఉంది. ఇగ మిగిలిందేంది?"

మల్లప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. "రెండు దిక్కులు ఎప్పుడూ సమానమే ఉంటయ్. పైసలు ఎవరియో ఒక దిక్కు, అవి ఏడున్నయో ఇంకో దిక్కు."

తన చదువు నాలుగో తరగతితో ఆగిపోవడం లోకానికి మేలే చేసిందనిపించింది సుమిత్రమ్మకు. అయినా భయం ఊరుకోనివ్వలేదు. కాగితం మీద మళ్లీ వేలు పెట్టింది.

"మరి మా వాటా అప్పుల దిక్కు రాసిన్రేంది?"

"కంపెనీ మీకు ఇయ్యాలె గద. అందుకే."

"కంపెనీ మునిగితే ముందుగాల ఎవరికిస్తరు?"

"కూలోళ్లకు, సర్కారుకు, బ్యాంకుకు. అందరికిచ్చినంక మిగిల్తే మీకు."

"ఓ, గిదా!" ఇంత సులువైన దానికి ఇంతసేపు తల బద్దలు కొట్టుకున్నందుకు ఆమెకే నవ్వొచ్చింది. "అందరు తిన్నంక గిన్నె గీక్కునుడే గద అన్న! గట్లయితే ఇంట్ల నేను రోజూ వాటాదారునే."

మల్లప్ప నవ్వలేదు. ఈరయ్య మూటను ఆమె చేతిలో పెట్టాడు.

"రాత్రి నీకు కూర మిగిలిందా?" అని మెల్లగా అడిగాడు.