చుట్టల హాల్లో చేప

పేజీ తిప్పేసరికి అట్ట వచ్చింది.

యమీలా మళ్ళీ ఒక పేజీ వెనక్కి తిప్పింది. ఇంకా బోలెడు కథ ఉండాలి. వేళ్ళతో తడిమి చూస్తే కుట్టు దగ్గర చింపిన కాగితాల కొసలు తగిలాయి. కాఫీకి వెళ్ళేటప్పుడు పుస్తకం బల్ల మీదే వదిలి వెళ్ళింది. అదే అదనుగా ఎవరో పని కానిచ్చేశారు.

ఆమె కూర్చుని చదువుతున్న అరుగు కింద హాలంతా ఎదురుచూస్తోంది. చుట్టలు చుట్టే చేతులు వాటి మానాన అవి చుడుతున్నాయి, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. పినార్ దెల్ రియో ఊళ్ళోని ఈ చుట్టల ఫ్యాక్టరీలో, పని చేసేవాళ్ళకి పుస్తకాలు పైకి చదివి వినిపించే చదువరిని పెట్టేదీ తీసేదీ మేనేజరు కాదు, వీళ్ళే. చదివింది నచ్చితే ఆకు కోసే కత్తిని బల్ల మీద టకటకలాడిస్తారు. నచ్చకపోతే నేల మీద పడేస్తారు. ఈ పుస్తకం అయిపోగానే యమీలా మీద తీర్పు. కత్తులు మోగాయా, అరుగు మీది కుర్చీ ఆమెది. నేల మీద పడ్డాయా, మళ్ళీ ఆకుల ఈనెలు తీసే గదికి పోవాలి. ఆ గది తలుచుకుంటేనే ఆమెకి ఏడుపొస్తుంది.

"ఏమ్మా, చేప ముల్లు గొంతులో అడ్డం పడిందా?" అంది మూడో వరసలోంచి నెరేయిద. హాలు గొల్లుమంది.

"మంచినీళ్ళు తాగుతున్నా అక్కా, ఒక్క నిమిషం."

నీళ్ళు తాగుతూ ముందు వరసలోని ఎవేలియో వైపు చూసింది. హాల్లో అందరికన్నా పెద్దవాడు. ఇన్నాళ్ళలో ఆమె కోసం ఒక్కసారి కూడా కత్తి మోగించలేదు. ఏ పుస్తకం చదవాలని ఓటు పెట్టినప్పుడు "మళ్ళీ అదేనా?" అని మొహం ముడుచుకుని, వద్దని చెయ్యెత్తింది ఆయనొక్కడే. ఇప్పుడు కూడా తల ఎత్తడం లేదు. చింపింది ఈయనే, సందేహం లేదు. నేనేం అపకారం చేశానని ఈ ముసలాయనకి ఇంత కడుపుమంట, అనుకుంది.

చింపితే చింపాడు. ఈ కథ తనకి రాదనుకున్నాడు కాబోలు. బళ్ళో టీచరు దీన్ని ముక్క ముక్కగా చదివించి, పరీక్ష పెట్టి మరీ వదిలింది. ముసలి జాలరి ఒంటరిగా నడిసముద్రంలో ఎంత పెద్ద చేపని పట్టాడో, దాన్ని పడవకి కట్టుకుని బయల్దేరాక సొరచేపలు ఎలా వెంటపడి తినేశాయో, ఒడ్డుకి ఎముకలు మాత్రమే ఎలా చేరాయో అన్నీ తెలుసు. ఆ ఎముకలు దేనికి గుర్తు అన్న ప్రశ్నకి ఇంత పొడుగు జవాబు రాసి మార్కులు కూడా కొట్టేసింది. నోటితో చెప్పేస్తే సరిపోతుంది.

"పడవ ఇంటిదారి పట్టింది," అంది ఉత్త అట్టని చూస్తూ. "అప్పుడు దూరంగా నీళ్ళ మీద..."

ఎవేలియో చేతులు ఆగిపోయాయి. సగం చుట్టిన చుట్టని బల్ల మీద వదిలేశాడు. దెబ్బ పడబోతోందని తెలిసినవాడిలా కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

యమీలాకి కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. సొరచేప నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"...నీళ్ళ మీద ఊరి దీపాలు కనిపించాయి," అంది.

అనేసింది. ఇక వెనక్కి తీసుకునే వీల్లేదు. ఏదైతే అదైందని కథలోని ముసలాడి చేతికి తెడ్డు ఇచ్చింది, వెనక నుంచి మంచి గాలి ఇచ్చింది. చేప తల నుంచి తోక దాకా గీత పడకుండా ఒడ్డుకి చేరింది. తాళ్ళు పట్టుకుని మగాళ్ళు పరిగెత్తుకొచ్చారు, గిన్నెలు పట్టుకుని ఆడవాళ్ళు వచ్చారు. నీ పని అయిపోయిందని ఎగతాళి చేసినవాళ్ళు అందరికన్నా ముందు వచ్చారు. వెల్లుల్లీ నిమ్మరసమూ పట్టించిన చేప ముక్కలు వేగుతుంటే ఆ రాత్రి ఊళ్ళో పొయ్యి వెలగని ఇల్లు లేదు. ముసలాడు కడుపునిండా తిని, కాళ్ళు చాపుకుని నిద్రపోయాడు.

యమీలా పుస్తకం మూసింది.

పాతవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"సొరచేపలేవీ?" అని ఎవరో గొణిగారు. "పోయినసారి విన్నది ఇది కాదే!"

ఠంగుమని ముందు వరసలో కత్తి నేల మీద పడింది. ఎవేలియోది.

పెద్దాయన కత్తే పడ్డాక మిగతావి పడటానికి ఎంతసేపు? అప్పుడే యమీలాకి ఈనెల గది వాసన ముక్కుకి తగిలినట్టయింది.

నెరేయిద లేచి నిలబడింది. "తాతా, ఇదేనా నీ తీర్పు?"

"తీర్పేంటే, నీ మొహం!" ఎవేలియో ముంజేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "కళ్ళు తుడుచుకోబోతే జారింది. ఎవరైనా అందించి చావండి."

అందించేదాకా ఆగలేకపోయాడు. పిడికిలితో బల్ల మీద గుద్దాడు. మళ్ళీ గుద్దాడు. నెరేయిద కత్తి టక్కుమంది. పక్క వరస అందుకుంది, ఆపైన హాలంతా అందుకుంది. ఆ మోతకి ఎండు ఆకులు బల్లల మీద ఎగిరిపడ్డాయి.

యమీలా అరుగు దిగి వచ్చి, కిందపడిన కత్తిని తీసి ఎవేలియో చేతికిచ్చింది.

"తాతా, కుర్చీ ఇచ్చారు, చల్లగా ఉండండి. కానీ నేను చెప్పింది అసలు కథ కాదు. చివరి కాగితాలు ఎవరో చింపేశారు."

"అసలు కథ నాకు తెలీదా అమ్మాయ్? నీకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివాడి నోటా విన్నాను. విన్నప్పుడల్లా పాపం, ఆ ముసలాడు ఎముకలు ఈడ్చుకుంటూనే వచ్చాడు."

ఎవేలియో అటూ ఇటూ చూసి, చొక్కా జేబులోంచి మడిచిన కాగితాలు తీసి ఆమె గుప్పిట్లో కుక్కాడు.

"అందుకే ఈసారి సొరచేపల్ని ముందుగా నేనే పట్టేసి జేబులో వేసుకున్నాను."